ధాత్రి మోకాలు

మా చర్చికి గోపురం లేదు, గంట లేదు. అమీర్‌పేటల ఒక కోచింగ్ సెంటర్ మూతపడితే గా మూడో అంతస్తు హాలు కిరాయికి తీసుకున్నం. గోడకు తెల్ల బోర్డు గట్లనే ఉన్నది. మా పాస్టర్ వివేకన్న ముందు గదే హాల్ల కంప్యూటర్ పాఠాలు చెప్పెటోడు. ఇప్పుడు గదే బోర్డు మీద బైబిల్ల ఉన్న పౌలు ఉత్తరాలు చెప్తడు. బాణాలు గీస్తడు, డబ్బాలు గీస్తడు. ఎప్పుడన్న పరీక్ష పెడతడేమోనని నాకు లోపల భయమే.

నా పేరు మధులత. మధురానగర్ గల్లీల కర్రీ పాయింట్ నాది. ఎంతమంది హాస్టల్ పోరగాళ్లు నా పప్పు తిని ఉద్యోగాలు తెచ్చుకున్నరో లెక్కలేదు. ఒక్కడన్న మళ్ల వచ్చి, పప్పు మంచిగుండె ఆంటీ అన్న పాపాన పోలె. నా నోరు జర కారం అంటరు అందరు. అననియ్యి. మా ఆయన నరేశ్ సనత్‌నగర్‌ల లేత్ మిషన్ మీద పని చేస్తడు. శనివారం ఆయన హనుమంతుని గుడికి పోతడు, ఆదివారం నేను చర్చికి పోత. ఇంట్ల దాని గురించి లొల్లి ఎప్పుడు లేదు. మా ఇంట్ల ఉన్న బాధ ఒక్కటే, మా బిడ్డ ధాత్రి ఎడమ మోకాలు.

తొమ్మిదో తరగతి పిల్ల. పొద్దుగాల లేస్తే మోకాలు ఉబ్బి వంగది. గోడ పట్టుకొని ఒక అడుగు ఈడుస్తది, ఇంకో అడుగు చిన్నగ ఎగిరి వేస్తది. కూసుంటే మోకాలి మీద ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటది, కాలిన దాని మీద ఊదినట్టు. సోమాజిగూడల పెద్ద డాక్టర్‌కు చూపించినం. పిల్లలకొచ్చే కీళ్ల వాతం అన్నడు, మందులు రాసిచ్చిండు, పెద్దగైతే తగ్గొచ్చు అన్నడు. తగ్గొచ్చు అనేది సుత ఒక మాటనా? ధాత్రి ఏడ్వదు. "ఏం కాదమ్మా, అలవాటైంది" అంటది. గా మాట ఇన్నప్పుడల్లా నా పాణం ఉసూరుమంటది.

మా దగ్గర ఒక రివాజు ఉన్నది. ఇంట్ల అన్నం వండే ముందల్లా ఒక పిడికెడు బియ్యం పక్కకు తీసిపెడతం. ఆదివారం గవి తెచ్చి హాల్ల ఉన్న స్టీలు డ్రమ్ముల పోస్తం. దవాఖానల ముంగట ఫుట్‌పాత్ మీద పండుకునే పేషెంట్ల మనుషులకు గా బియ్యం తోనే వండి పెడతం. అయితే ఆఖరి పిడికెడు ఊకె పొయ్యం. చేతిల పట్టుకొని, కష్టంల ఉన్నోళ్లది ఒక పేరు చెప్పి వేస్తం. చాలామంది గబగబ చెప్పేసి పోయి చాప మీద జాగా పట్టుకుంటరు. నేను సుత గంతే. అరుణాదేవి గారు ఒక్కతే డ్రమ్ము కాడ నిలబడిపోతది.

అరుణాదేవి గారిది భీమవరం దిక్కు. పెనిమిటి పోయిండు, పిల్లలు లేరు. పంజాగుట్టల ఒక్క గదిల ఉంటది, చీరలకు ఫాల్స్ కుట్టి బతుకుతది. మేమంత అరుణమ్మ అంటం. మనిషి సన్నగ, మాట మెల్లగ.

గా ఆదివారం వివేకన్న చెప్పిన పాఠం నాకు అస్సలు నచ్చలె. పౌలుకు పెయ్యిల ఏదో ముల్లు గుచ్చినట్టు ఉండేదట. తీసెయ్యి దేవుడా అని మళ్ల మళ్ల అడిగిండట. దేవుడు తియ్యలేదట. నా దయ ఉన్నది కద, సరిపెట్టుకో అన్నడట.

"గదేం జవాబన్నా?" అని నడుమల లేసిన. "నా కర్రీ పాయింట్‌కొచ్చి కూరడిగినోనికి, నా నవ్వు ఉన్నది కద, సరిపెట్టుకో అంటె ఊకుంటడా?"

అందరు నవ్విన్రు. వివేకన్న మార్కర్ మూత పెట్టిండు. "అక్కా, నాకు సుత పూర్తిగ తెల్వదు" అన్నడు. గా ఒక్క మాటకే ఆయనంటే నాకు గౌరవం.

పాఠం అయినంక బియ్యం పోసెటప్పుడు అరుణమ్మ నా ముందున్నది. పిడికిలి డ్రమ్ము మీద పెట్టి "ధాత్రి" అన్నది. నా బిడ్డ పేరు చెప్పిందని సంతోషమైంది. గానీ పిడికిలి ఇప్పలె. కండ్లు మూసుకొని ఇంకేదో గొణిగింది, అప్పుడు ఇప్పింది. బియ్యం పడ్డ సప్పుడు వినొచ్చింది. అంత పెద్ద హాల్ల, అంతమంది మాట్లాడుతుంటె, గా సప్పుడు నాకెట్ల వినొచ్చిందో నాకే తెల్వదు.

తెల్లారి ధాత్రి నడుసుకుంట వంటింట్లకొచ్చింది.

నేను పప్పు గుత్తి పట్టుకొని అట్లనే నిలబడ్డ. గోడ పట్టుకోలె, ఈడ్వలె, ఎగురలె. మామూలుగ నడుసుకుంట వచ్చి, "అమ్మా, ఇది సూడు" అని కింద కూసొని లేసింది. మళ్ల కూసొని మళ్ల లేసింది. ఇద్దరం ఒకర్ని పట్టుకొని ఒకరం ఏడ్చినం. నరేశ్ "మందు పట్టినట్టుంది" అన్నడు. "మందు కాదు, దేవుడు" అని నేను గట్టిగ అన్న. ఏదో ఒకటి, తగ్గింది కద అన్నడాయన. గా వారమంత ధాత్రి మెట్లు ఎక్కుడు దిగుడే. ఏం లేకున్నా డాబా మీదికి పోయొచ్చేది.

మంగళవారమో బుధవారమో, పగటీలి గిరాకీ టైంల కూర పాకెట్లు కడుతున్న. గల్లీలకెళ్లి అడుగుల సప్పుడు. ఒక అడుగు ఈడ్చినట్టు, ఒక అడుగు ఎగిరినట్టు. గా సప్పుడు నాకు నిద్రల సుత తెలుస్తది. "ధాత్రీ! ఏమైందే, స్కూల్‌కెళ్లి ఎందుకొచ్చినవ్?" అనుకుంట బయటికి ఉరికిన.

ధాత్రి కాదు. అరుణమ్మ. గోడ పట్టుకొని వస్తున్నది. ఎడమ కాలు ఈడ్చి, కుడి కాలు చిన్నగ ఎగిరేసి. నన్ను చూసి నవ్వింది. "పప్పు ఉందా అమ్మాయ్?" అన్నది. స్టూల్ వేస్తే కూసున్నది. కూసొని, మోకాలి మీదికి వంగి, ఉఫ్ ఉఫ్ అని ఊదుకున్నది.

పట్టపగలు, ఎండ మస్తుంది, గల్లీ నిండ మనుషులు. నా చేతుల మీద వెంట్రుకలు లేసి నిలబడ్డయి. ఏమైందమ్మా కాలుకు అని అడుగుదామనుకున్న. నోరు రాలె. నా నోరు రాకపోవుడు అదే మొదటిసారి. పప్పు కట్టిచ్చిన. ఆమె పోయెదాక గా సప్పుడు ఇనుకుంట నిలబడ్డ.

ఆదివారం నేను సాక్ష్యం చెప్పాలె. మేలు జరిగినోళ్లు ముందుకొచ్చి చెప్పుడు మా దగ్గర పద్ధతి. మైకు పట్టుకొని, నా బిడ్డ మోకాలు బాగైందని చెప్తున్న. అందరు చప్పట్లు. గోడకు ఆనుకొని అరుణమ్మ సుత చప్పట్లు కొడుతున్నది, ఎడమ కాలు పక్కకు చాపుకొని. చాపిన కాలును చూస్తుంటే ఇంకోటి కనబడ్డది. అరచేతి మడిమ తోని ఎడమ కన్ను ఒత్తుకుంటున్నది. గట్ల ఒత్తుకునేది చంద్రిక. బ్యూటీ పార్లర్ల పని చేసే పిల్ల, ఒంటి చెంప తలనొప్పితో సచ్చిపోయేది. ఉగాది ముందు తగ్గిందని గిదే మైకు పట్టుకొని చెప్పింది. నేను మాట మర్చిపోయిన. "దేవునికి స్తోత్రం" అని మైకు ఇచ్చేసి కూసున్న.

గా వారమే పంజాగుట్ట పోయిన. పాత అపార్ట్‌మెంట్ వెనక గది ఆమెది. మెట్రో పోతుంటె తలుపులు అదురుతున్నయి. కొట్టబోతుంటె లోపల్నుంచి దగ్గు. నాకు తెలిసిన దగ్గే. మా చర్చికొచ్చే విజయేందరన్నది, ఆటో తోలుతడు. ఎన్నేండ్లు ఇన్నమో గా దగ్గు, ఆఖర్ల సన్నగ కుక్కర్ ఈల వేసినట్టు ఉంటది. పోయిన వానకాలం తగ్గింది ఆయనకు.

"అన్నా, నువ్విక్కడేం చేస్తున్నవ్?" అనుకుంట తలుపు తోసిన.

లోపల అరుణమ్మ ఒక్కతే ఉన్నది. దగ్గి దగ్గి నోరు తుడుసుకుంటున్నది. ఇంకెవరు లేరు. ఒక మంచం, ఒక కుట్టు మిషన్, బియ్యం డబ్బా.

తలుపు కాన్నే కూలబడ్డ. "అమ్మా, గివన్ని మీకెట్లొచ్చినయి?" అన్న.

"నాకేం తెలుసమ్మా" అన్నది. "పేరు చెప్పి, అది నాకిచ్చెయ్యి ప్రభువా అంటాను. మర్నాటికి వస్తుంది. మొదటిసారి నేనూ భయపడ్డాను. మంచం కింద కూడా చూసుకున్నాను, ఎవరన్నా దూరారేమోనని."

"ఎందుకమ్మా గిట్ల?"

"అందరూ ఏదోటి ఇస్తున్నారు కదా. నా దగ్గర ఇంకేముంది ఇవ్వడానికి?" గ్లాసు ఎత్తబోయింది, చెయ్యి వణికి మళ్ల కింద పెట్టేసింది. గా వణుకు ఎవరిదో నాకు తెల్వదు. "మీ అమ్మాయిది మాత్రం బరువుగా ఉంది మధులతా. చిన్నపిల్ల ఇన్నాళ్లు ఎలా మోసిందో. ఇదే ఆఖరిదేమో అనిపిస్తుంది. ఇంక పట్టేట్టు లేదు."

"మీకేమన్న అయితే?"

"అదీ అడిగాను. నాతో పోతాయా, ఎవరివి వాళ్లకు వెళ్లిపోతాయా అని. జవాబు రాలేదు."

నా బిడ్డది నాకు వాపస్ ఇయ్యండి, మీరు సచ్చిపోతరు అని చెప్పనీకే పోయిన నేను. తొవ్వ పొడుగునా గదే మాట అనుకుంట పోయిన. ఆమె ముంగట కూసున్నంక గా మాట నోట్లకెళ్లి రాలె. నేనడిగితే, సరే తీసుకో అంటదేమోనని బుగులైంది. గంతే, ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. గదంత ఊడ్చి, నీళ్లు పట్టి, అన్నం వండి పెట్టి వచ్చిన. మెట్లు దిగుతుంటె వెనక విజయేందరన్న దగ్గు.

ఇంటికొచ్చి నరేశ్‌కు మొత్తం చెప్పిన. నమ్మడు, నవ్వుతడు అనుకున్న. నవ్వలె.

"గా ముసలామెను మోయనిస్తమా మనం?" అన్నడు.

"మరి ధాత్రిని మోయనిస్తమా?" అని అరిసిన.

"నేనడుగుత. నాకియ్యమని. మీ దేవుడు నా మాట ఇంటడా?"

"నేనే అడుగుత" అన్న. అడిగిన. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం పట్టుకొని, "అరుణాదేవి. గా నొప్పి నాకియ్యి" అన్న. ఎంబడే మనసుల ఒక మాట: పొద్దంత నిలబడి కూరలమ్మాలె, జర సూసి ఇయ్యి. తెల్లారి ఏం లేదు. నా మోకాలు రాయి తీరున గట్టిగున్నది, నొప్పి లేదు. మళ్ల అడిగిన. ఈసారి, పండుగ సీజన్ అయినంక ఇయ్యి. ఏం లేదు. పిడికెడు కాదని దోసెడు తీసి అడిగిన. ఏం లేదు. "నేనిస్తనంటె తీసుకోవు, ఆమెనైతే పిండుతవ్, ఏం దేవునివయ్యా?" అని స్టవ్ ముంగట నిలబడి తిట్టిన. ఇచ్చేటప్పుడు సణుగొద్దు అని పౌలు రాసిండని వివేకన్న ఎప్పుడో చెప్పిండు. సణగకుంట నొప్పెట్ల అడుగుతరు? అడిగినోళ్లు ఉంటె నాకు చూపియ్యాలె.

ధాత్రి గదంత ఇన్నదని నాకు తెల్వదు.

ఆదివారం నరేశ్ సుత నాతోని వచ్చిండు. మొదటిసారి. చెప్పులు ఇడిసి తలుపు కాడ నిలబడ్డడు, లోపలికి రానీకి సిగ్గు. గా రోజు వివేకన్న పౌలు కాలంల మాసిదోనియ దేశపు చర్చిలోళ్ల సంగతి చెప్తున్నడు. వాళ్లకే తిననీకి లేదట, మీదికెళ్లి కష్టాలు, అయినా మమ్మల్ని సుత ఇయ్యనియ్యండి అని పౌలును బతిమిలాడిన్రట. నేను ఇంటలేను. అరుణమ్మను ఆటోల ఎక్కించుకొని విజయేందరన్న తెచ్చిండు, ఎత్తుకొని మెట్లెక్కిచ్చిండు. గోడకు ఆనించిన కట్టె తీరున్నది మనిషి. పెదవులు తెల్లగైనయి. గీ వారం దాటదనిపించింది.

బియ్యం పోసే టైమైంది. నా వెనక ఉన్న ధాత్రి ఎప్పుడు ముందుకు పోయిందో చూడలె. డ్రమ్ము కాడ నిలబడి పిడికిలి చాపింది. నవ్వుకుంట ఉన్నది పిల్ల. "అరుణాదేవి" అన్నది. తర్వాత మాటకు పెదవులు విచ్చుకుంటుంటె చూసి, ఉరికి పోయి మణికట్టు పట్టుకున్న.

"వద్దు! నోరు మూయ్! నువ్వడగొద్దు!"

గుంజులాటల బియ్యం చాప మీద చెల్లాచెదురైనయి. ధాత్రి నా మొఖం చూసి, "ఆమెకు మస్తు నొస్తుందమ్మా. నాకు తెలుసు ఎంత నొస్తదో" అన్నది.

ఇగ నేను ఆగలే. అందరి ముంగట ఏడ్చుకుంట మొత్తం చెప్పేసిన. ధాత్రి మోకాలు ఆమె కాడ ఉన్నదని, చంద్రిక తలనొప్పి ఆమె కాడ ఉన్నదని, విజయేందరన్న దగ్గు ఆమె రొమ్ముల ఉన్నదని. మనం చప్పట్లు కొట్టినవన్ని గా గోడ కాడ కూసున్న మనిషి పెయ్యిల ఉన్నయని. నేను అడిగిన, నాకు రాలేదని సుత చెప్పిన.

అరుణమ్మ, "అబ్బే, అలాంటిదేం లేదర్రా" అనబోయింది. దగ్గొచ్చింది. దగ్గి దగ్గి ఆఖర్ల సన్నగ ఈల.

విజయేందరన్న మొఖంల నెత్తురు లేదు. ఇంకొకరి నోట్లకెళ్లి వస్తున్నది తన దగ్గే అని ఇప్పుడు తెలిసింది కద. మోకాళ్ల మీద కూసున్నడు, చాప మీద పడ్డ బియ్యం ఏరుకున్నడు. పిడికెడు కాలె, ఏవో కొన్ని గింజలు. డ్రమ్ముల వేసి, "అరుణాదేవి. నాది నాకియ్యి. పిల్లదాని నొప్పిల సుత జరంత ఇయ్యి" అన్నడు. చంద్రిక వచ్చింది. వివేకన్న మార్కర్ కింద పెట్టి వచ్చిండు. ముసలోళ్లు, కాలేజ్ పిల్లలు, సంక పిల్లల తల్లులు అందరు వంగి గింజలేరుతున్నరు. దొరికినోళ్లకు దొరికినన్ని. తలుపు కాడికెళ్లి నరేశ్ వచ్చి రెండు గింజలు తీసుకున్నడు. ఎట్ల అడగాలె అని నన్ను అడిగిండు. నువ్వెట్లనన్న అడుగు అన్న. ధాత్రి నా చెయ్యి ఇడిపిచ్చుకొని పోయింది. ఈసారి పట్టుకోలేకపోయిన.

ఆఖరికి నేను. ఒక్కటే గింజ దొరికింది. వేలు మీద అంటుకొని ఉన్నది. కర్రీ పాయింట్ యాదికి రాలె, సీజన్ యాదికి రాలె. "నాకియ్యి" అన్న.

ముందు దగ్గు మొదలైంది. ఎడమ దిక్కు ఎవరో దగ్గిన్రు, ఆఖర్ల ఈల. కుడి దిక్కు ఒకరు, గదే ఈల. వెనక వరసల పిల్లగాడు దగ్గిండు, వానిది సుత గదే. ఒక్కొక్కరు అరచెయ్యి ఎత్తి ఎడమ కన్ను ఒత్తుకుంటున్నరు, ఎవరు ఎవర్ని చూస్తలేరు. ఒకామె బుగులుతోని ఏడ్చింది. నేను సుత ఉరికి పోదామనుకున్న. లేవబోతుంటె ఎడమ మోకాల్ల ఏదో వచ్చి కూసున్నది. పెద్దది కాదు. గానీ నేను గుర్తు పట్టిన. ఇన్నేండ్లు పక్కల పండుకొని తైలం రాసిన నొప్పి అది, నా బిడ్డది. వంగి ఊదుకున్న. తలెత్తి చూస్తే హాలంత వంగి ఊదుకుంటున్నది.

అరుణమ్మ కాలు ముడిసింది, చాపింది. చేతులు తిప్పి తిప్పి చూసుకున్నది. ఏడుపు మొఖం పెట్టింది. "ఇదేంటర్రా, అన్నీ తీసేసుకున్నారు. ఇప్పుడు నేనేమివ్వాలి?"

"ఇప్పుడు జర ఊకె కూసోండమ్మా" అన్నది చంద్రిక, కన్ను ఒత్తుకుంటనే.

ప్రార్థన ముగించనీకి వివేకన్నకు దగ్గు ఆగలె. అందరం లేసి మెట్లు దిగినం. అందరం ఎడమ కాలు ఈడ్చుకుంటనే, కుడి కాలు చిన్నగ ఎగిరేసుకుంటనే. మూడు అంతస్తుల మెట్ల మీద ఒక్కటే సప్పుడు. కింద జిరాక్స్ షాపాయన బయటికొచ్చి మమ్మల్ని చూసి, లోపలికి పోయి షట్టర్ సగం దించిండు. ఆయన జాగల నేనున్నా గట్లనే చేస్తుంటి.

రోడ్డు మీద ధాత్రి ఆగింది. నరేశ్ ఆమెకు అటు దిక్కు, నేను ఇటు దిక్కు.

"నొస్తుందా బిడ్డా?" అన్న.

"జరంత. ముందటి అంత లేదు" అన్నది. "నీకు కోపమొచ్చిందా అమ్మా?"

"వచ్చింది" అన్న. వచ్చింది మరి. నా బిడ్డకు నొప్పి లేకుంట చెయ్యి అని నేను దేవున్ని అడిగిన, ఆయన అందరికి పంచిండు. గీ లెక్క నాకు ఇప్పటికి నచ్చలె, ఆయనకే ముఖం మీద చెప్త. ధాత్రి నా చెయ్యి పట్టుకున్నది. మెట్రో దాక ముగ్గురం నడిసినం. అందరికి నొచ్చేది ఒకటే కాలు కాబట్టి ఒకరికొకరం తగలకుంట నడిసినం.